గేటు కాపరి హంపన్న - జ్యూరీ చెప్పని కారణం

1

మా ముదిగుబ్బ మీదుగా ధర్మవరం - పాకాల రైలు మార్గం పోతుంది. పదో తరగతి పిల్లలకు ఒకరోజు గుంతకల్లు గేటు కాపరి హంపన్న కథ చెప్పాను. ఇక్కడినుంచి ధర్మవరం, అనంతపురం దాటి పోతే వచ్చే గుంతకల్లే అది. 1893 అక్టోబరు 4వ తేదీన అక్కడ మకాం వేసిన తెల్ల సైనికుల్లో కొందరు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. ఆ ఆడవాళ్లు ప్రాణభయంతో రైలు గేటు దగ్గరి గుడిసెలోకి పరుగెత్తారు. గేటు కాపరి హంపన్న వాళ్లను లోపలికి పంపి తాను అడ్డం నిలబడ్డాడు. ఒక సైనికుడు తుపాకి పేల్చాడు. హంపన్న మరునాడు చనిపోయాడు. కాల్చినవాడిగా నిందపడ్డ సైనికుణ్ణి మద్రాసు హైకోర్టులో విచారించారు. యూరోపియన్ల జ్యూరీ అతణ్ణి నిర్దోషి అంది.

కథ అయిపోయింది. పిల్లలు కాసేపు మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సార్, జ్యూరీ అంటే ఎవరు? జడ్జి ఉండగా వాళ్లెందుకు?" అని అడిగింది.

నేను తడబడ్డాను. "తెల్లవాళ్ల జ్యూరీ కదా, తెల్లవాణ్ణి వదిలేసింది" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది గాని నా జవాబు నాకే చాలలేదు. మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు ఇదే మాట అనలేదు? "తెల్ల జ్యూరీ" అనగానే విశ్లేషణ ముగిసిపోతుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని అది విశ్లేషణకు మొదలు మాత్రమే. దాన్నే చివరి మాటగా వాడుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ చిన్న తలకాయలో పుట్టిన ప్రశ్న అసలు ప్రశ్న. జడ్జి ఉండగా వాళ్లెందుకు? సాక్ష్యం చాలునో చాలదో ఎవరు తేల్చాలి? జడ్జి ఎప్పుడు తేల్చాలి, ఎప్పుడు జ్యూరీకి వదలాలి?

ఇది లాయర్ల గొడవ అని సాహిత్య విద్యార్థులు పక్కకు తప్పుకోరాదు. సాక్ష్యాన్ని నమ్మడం, నమ్మకపోవడం అనేది మనిషి మాటకు సంబంధించిన విషయం. ఎవరి మాటకు విలువ ఉంది, ఎవరి మాటకు లేదు అన్నది తేల్చకుండా వాస్తవికతావాదం గురించి మనం చేసే చర్చంతా గాలిలో దీపమే.

2

ముందు చట్టం సంగతి చూద్దాం. ఆంగ్ల న్యాయశాస్త్రం రెండు ప్రశ్నలను వేరు చేసింది. మొదటిది: సాక్ష్యం ఉన్నదా? రెండవది: ఆ సాక్ష్యం చాలునా? మొదటిది జడ్జిది. రెండవది జ్యూరీది.

వినడానికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కావు. ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. ముద్దాయి ఆ రాత్రి ఆ వీధిలో ఉన్నాడని తప్ప మరేమీ రుజువు లేదు. సాక్షులు చెప్పిందంతా అక్షరాలా నమ్మినా అతడు దొంగ అని తేలదు. ఇలాంటప్పుడు కేసును జ్యూరీ దాకా పోనివ్వకుండా జడ్జి అక్కడే ఆపాలి. అదే కేసులో ఒక ముసలమ్మ వచ్చి "వీడు గోడ దూకడం నేను చూశాను" అంది అనుకుందాం. ఆమెకు చూపు సరిగా ఆనదని ఎదుటి లాయరు అంటాడు. పాత పగ ఉందంటాడు. ఇప్పుడు సాక్ష్యం ఉంది. ఆమెను నమ్మితే నేరం రుజువవుతుంది, నమ్మకపోతే కాదు. నమ్మాలా వద్దా అన్నది జ్యూరీ తేల్చాలి. "నాకు ఆ ముసలమ్మ మాట మీద నమ్మకం లేదు" అని జడ్జి కేసును మధ్యలో లాగేసుకోరాదు.

1877లో మెట్రోపాలిటన్ రైల్వే మీద జాక్సన్ వేసిన దావాలో ఇంగ్లండు ప్రభువుల సభ ఈ గీతను స్పష్టంగా గీసింది. ఫలానా సంగతుల నుంచి ఫలానా నిర్ధారణ చేయవచ్చునా అన్నది జడ్జి చెప్పాలి, చేయవలసి ఉందా అన్నది జ్యూరీ చెప్పాలి అన్నది దాని సారాంశం. అది నష్టపరిహారపు దావా. నేర విచారణకు ఇదే సూత్రాన్ని 1981లో గాల్‌బ్రెయిత్ కేసులో ఇంగ్లండు అప్పీలు కోర్టు మళ్లీ స్థిరపరిచింది. సాక్ష్యం బలమో బలహీనమో సాక్షిని నమ్మడం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఒక దృష్టితో చూస్తే నేరం రుజువయ్యే వీలున్నప్పుడు, జడ్జి కేసును జ్యూరీకి వదలాలి.

మన దేశంలో 1882 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోనూ, దాని తరువాత వచ్చిన 1898 నాటి కోడులోనూ ఇదే అమరిక ఉండేది. ముద్దాయి నేరం చేశాడనడానికి సాక్ష్యమే లేదని కోర్టు తలిస్తే, నిర్దోషి అని చెప్పమని జడ్జి జ్యూరీని ఆదేశించవచ్చు. సాక్ష్యం ఉంటే చట్టాన్ని వివరించి, సాక్ష్యాన్ని క్రోడీకరించి చెప్పాలి. సంగతుల్లో ఏది నిజమన్నది జ్యూరీ నిర్ణయించాలి.

ఇందులో ఒక సంగతి గమనించాలి. ఈ సూత్రం ఒక పక్కకే ఒరిగి ఉంది. సాక్ష్యం లేకుండా శిక్ష పడకుండా జడ్జి ఆపగలడు. సాక్ష్యం ఎంత ఉన్నా శిక్ష వేయమని జ్యూరీని శాసించలేడు. 1670లో లండనులో పెన్, మీడ్ అనే మత ప్రచారకులను శిక్షించనందుకు జ్యూరీ సభ్యులకు జరిమానా వేసి, కట్టనివారిని జైల్లో పెట్టారు. వారిలో బుషెల్ అనే అతడు ఎదిరించి నిలిచాడు. నిర్ణయం చేసినందుకు జ్యూరీని శిక్షించరాదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తీర్పు చెప్పాడు. రాజు బలానికి ఎదురుగా సామాన్యుడి చేతికి దొరికిన డాలు అది. జ్యూరీ పుట్టుకలో ప్రజాస్వామిక అంశం ఉందని మనం ఒప్పుకోవాలి. ఆ డాలు ఓడెక్కి మన దేశానికి వచ్చాక ఎవరి చేతిలో పడిందన్నదే చరిత్ర.

3

1893లో గుత్తి తాలూకాలో ఒక రైతు ఇంకొక రైతును చంపితే ఏం జరిగేది? మోఫస్సిల్ సెషన్స్ కోర్టులో జడ్జి విచారించేవాడు. మద్రాసు రాష్ట్రంలో జిల్లా కోర్టుల జ్యూరీలు ప్రధానంగా దొంగతనం, దోపిడీ వంటి ఆస్తి నేరాలకే పరిమితం. హత్య కేసులో జడ్జి పక్కన అసెస్సర్లు కూర్చునేవారు. వాళ్లు అభిప్రాయం చెబుతారు. జడ్జి వింటాడు. పాటించనక్కరలేదు. ఊరి మనిషి మాట కోర్టులో వినబడుతుంది గాని చెల్లదు.

కొన్ని జిల్లాల్లో కొన్ని నేరాలకు జ్యూరీ ఉన్నచోట కూడా దాని నిర్ణయం చివరిది కాదు. కోడులో 307వ సెక్షన్ ఉంది. జ్యూరీ చెప్పింది న్యాయం కాదని సెషన్స్ జడ్జికి గట్టిగా తోస్తే, కేసును హైకోర్టుకు పంపవచ్చు. హైకోర్టు ఆ నిర్ణయాన్ని తిరగేయవచ్చు.

ఇప్పుడు అదే తాలూకాలో ఒక తెల్ల సైనికుడు గేటు కాపరిని చంపితే? అతణ్ణి మోఫస్సిల్ సెషన్స్ జడ్జి హత్యానేరం మీద విచారించే వీలు లేదు. యూరోపియన్ బ్రిటిష్ ప్రజకు అక్కడ ఏడాదికి మించిన ఖైదు వేసే అధికారమే ఆ జడ్జికి లేదు. కేసు మద్రాసు హైకోర్టుకు పోవాలి. అక్కడ తొమ్మిది మంది జ్యూరీ. అందులో సగానికి తక్కువ కాకుండా యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని ముద్దాయి కోరవచ్చు. జ్యూరీ ఏకగ్రీవంగా చెబితే జడ్జి దాన్ని పాటించి తీరాలి. 307వ సెక్షను సెషన్స్ కోర్టు మాట, హైకోర్టు జ్యూరీకి అది వర్తించదు. హైకోర్టు స్వయంగా జరిపిన జ్యూరీ విచారణల మీద అప్పీలుకు దారి వేసిన 411-ఎ సెక్షను కోడులో చేరింది 1943లో, అంటే హంపన్న చనిపోయిన యాభై ఏళ్లకు.

ఒకే కోడు, ఒకే నేరం. నల్లవాడి కేసులో చాలడం చాలకపోవడం జడ్జి తేలుస్తాడు. తెల్లవాడి కేసులో అతడి తోటివాళ్లు తేలుస్తారు, దాని మీద తిరుగు లేదు. "సాక్ష్యం చాలునా అన్నది జ్యూరీకి వదలాలి" అన్న గొప్ప సూత్రం ఈ నేలమీద ఒక జాతి హక్కుగా మారిపోయింది.

ఇది పొరపాటున జరిగిన పని కాదు. పదేళ్ల క్రితమే దీని కోసం పెద్ద పోరాటం నడిచింది. 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. భారతీయ మేజిస్ట్రేట్లు తెల్లవాళ్లను విచారించవచ్చునన్నది దాని సారం. తోటల యజమానులు, వర్తకులు, తెల్ల పత్రికలు గగ్గోలు పెట్టాయి. చివరికి 1884లో కుదిరిన రాజీ ఏమిటి? జిల్లా కోర్టుల్లో కూడా తెల్లవాడు సగం మంది తనవాళ్లున్న జ్యూరీని కోరవచ్చు. అధికారం భారతీయుడికి ఇచ్చినట్టే ఇచ్చి, సాక్ష్యం చాలునో లేదో తేల్చే పని తమవాళ్ల చేతిలో భద్రంగా ఉంచుకున్నారు. పాలక వర్గానికి జడ్జి కుర్చీ ఒక్కటే చాలదని, సంగతులను నిర్ణయించే బల్ల కూడా కావాలని వారికి మనకంటే బాగా తెలుసు.

4

గుంతకల్లు కేసు బయటి లోకానికి తెలియడానికి గుత్తి వకీలు కేశవపిళ్ళై వంటివాళ్లు కారణం. 1885 నాటి తొలి కాంగ్రెసు మహాసభకు హాజరైన ఆయన 'హిందూ' పత్రికకు ఈ ప్రాంతపు సంగతులు రాసేవాడు. హంపన్న విషయం ఆ పత్రిక ద్వారా దేశానికి పాకింది. తరువాత గుంతకల్లులో హంపన్న పేర స్మారక శిల వెలిసింది. జ్యూరీ తీర్పు ఇచ్చింది హైకోర్టులో. ప్రజలు తమ తీర్పును రాతి మీద చెక్కించారు.

మరి జ్యూరీ ఎందుకు అలా చెప్పింది? సాక్షులను నమ్మలేదా? గుర్తింపు చాలదనుకుందా? గుండు తగిలిన తీరు మీద అనుమానమా? లేక అన్నీ నమ్మి కూడా ఒక గేటు కాపరి కోసం తమవాణ్ణి ఉరికంబం ఎక్కించడం ఇష్టంలేకపోయిందా? జవాబు లేదు. కాగితాలు పోవడం వల్ల కాదు. జ్యూరీ కారణం చెప్పదు. జడ్జి తీర్పు రాయాలి, తీర్పులో కారణాలు రాయాలి, ఆ కారణాలను పై కోర్టు విప్పి చూడవచ్చు. జ్యూరీ చెప్పేది ఒక్కటే మాట. ఆ మాట వెనక న్యాయం ఉన్నా, దురభిమానం ఉన్నా బయటికి ఒకటే శబ్దం వినిపిస్తుంది.

కాబట్టి "ఆ జ్యూరీ పక్షపాతం చూపింది" అని రుజువు చేయలేమని కొందరు అంటారు. నిజమే, ఒక్క కేసు మీద చేయలేం. కాని కేసులను వరుసగా పేర్చి చూడండి.

1876లో ఆగ్రాలో ఫుల్లర్ అనే లాయరు తన గుర్రాల కాపరి కట్వారూను కొట్టాడు, అతడు చనిపోయాడు. మేజిస్ట్రేటు 30 రూపాయలు జరిమానా వేశాడు. అక్కడ జ్యూరీ లేదు. వైస్రాయి లిట్టన్ స్వయంగా ఆక్షేపించవలసి వచ్చింది. ఆ కాలంలో ఇలాంటి కేసుల్లో తరచు వినిపించిన మాట ఒకటుంది: చచ్చినవాడి ప్లీహం ముందే ఉబ్బి ఉంది, మెల్లగా తగిలినా పగిలిపోతుంది. మలేరియా ప్రాంతపు కూలి మనిషి రోగమే తెల్లవాడికి రక్షణ సాక్ష్యమైంది.

తెల్లవాడు ముద్దాయి అయినప్పుడు ఇంత అనుమానం. మరి దేశీయుడు ముద్దాయి అయితే? 1897లో బొంబాయిలో తిలక్ మీద రాజద్రోహం కేసు. తొమ్మిది మందిలో ఆరుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. 1908లో మళ్లీ తిలక్ మీద కేసు. ఏడుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ఇద్దరు పార్సీలు కాదన్నారు. ఆరేళ్ల ప్రవాస శిక్ష. రెండుసార్లూ కోర్టులో అందరూ చదివింది అవే వ్యాసాలు, అవే అక్షరాలు. సాక్ష్యం ఒకటే. చాలడం మాత్రం రంగును బట్టి చీలిపోయింది.

ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏం కావాలి? "చాలు" అన్న మాటకు కొలమానం సాక్ష్యంలో లేదు, కొలిచేవాడి జీవితంలో ఉంది.

5

ఇక్కడ 1872 నాటి సాక్ష్య చట్టాన్ని ఒకసారి తలుచుకోవాలి. రుజువు అంటే ఏమిటో ఆ చట్టం చెప్పింది. ఒక వివేకవంతుడు ఆ సంగతి ఉన్నదని తలచి నడుచుకునేంత సంభావ్యత ఉంటే అది రుజువైనట్టు. ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది గాని వివేకవంతుడు మాత్రం అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఎవరీ వివేకవంతుడు? అతడి ఇల్లెక్కడ? చేసే పనేమిటి? మద్రాసు క్లబ్బులో సాయంత్రం గడిపే వర్తకుడి వివేకం గుంతకల్లు గేటు గుడిసెలో దూరిన ఆడవాళ్ల భయాన్ని ఎలా తూచగలదు? జ్యూరీ విధానం వెనక ఉన్న అసలు ఊహ ఇది: పన్నెండు మందో తొమ్మిది మందో తమ బతుకు అనుభవాన్ని తెచ్చి సాక్ష్యం పక్కన పెడతారు, జడ్జికి పుస్తకాలే తెలుసు, వీళ్లకు లోకం తెలుసు. ఆ ఊహ నిజం కావాలంటే ఆ లోకం ఒకటే అయి ఉండాలి. చచ్చినవాడి లోకం జ్యూరీ బల్ల మీద లేనప్పుడు లోకజ్ఞానం ఉత్త పాలకజ్ఞానమే.

ఇది వలస దేశపు సంగతి మాత్రమే కాదు. 1955లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్ల పిల్లవాణ్ణి చంపారు. ఆ పిల్లవాడి తాత వరుసైన మోజ్ రైట్ అనే ముసలి రైతు కోర్టులో నిలబడి నిందితులను వేలు పెట్టి చూపించాడు. ఆ రాష్ట్రంలో ఒక నల్లవాడు ఆ పని చేయడం ప్రాణాలకు తెగించడమే. జడ్జి తన విధి తాను చేశాడు, సాక్ష్యాన్ని జ్యూరీకి వదిలాడు. అందరూ తెల్లవాళ్లే అయిన జ్యూరీ గంటకు కాస్త పైగా కూర్చుని నిర్దోషులు అంది. కొన్ని నెలలకు, 1956 జనవరిలో, ఆ నిందితులే ఒక పత్రికకు డబ్బు తీసుకుని తాము చంపినట్టు చెప్పుకున్నారు. మళ్లీ విచారించడానికి వీల్లేదు. సాక్ష్యం ఉంది. చాలినంత ఉంది. వినేవాళ్లు చాలలేదు.

6

ఇంతవరకు చదివి, "అయితే జ్యూరీని తీసేయడమే మంచిదయింది" అని నిట్టూర్చేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్ల ఉదాహరణ ఎప్పుడూ నానావతి కేసే. 1959లో బొంబాయిలో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ నౌకాధికారిని నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి 307వ సెక్షను కింద హైకోర్టుకు పంపాడు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పత్రికల ఉద్రేకానికి జ్యూరీ లొంగిపోయింది, అందుకే రద్దు చేశారు అని కథ. కాని రద్దు చేయాలని లా కమిషన్ 1958లోనే, అంటే ఆ కేసుకు ముందే, సిఫారసు చేసింది. నానావతి తరువాత కూడా కొన్నిచోట్ల జ్యూరీలు నడిచాయి. 1973 కోడు 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాకే నేర విచారణల్లోంచి జ్యూరీ పూర్తిగా పోయింది.

ఈ నిట్టూర్పును నేను ఒప్పుకోలేను. దానికి రెండు కారణాలు.

మొదటిది, చరిత్ర. 1892 అక్టోబరులో బెంగాలు ప్రభుత్వం హత్య మొదలైన నేరాలను జ్యూరీ పరిధినుంచి తప్పించింది. జ్యూరీలు దోషులను వదిలేస్తున్నాయని సాకు. దేశమంతా నిరసన లేచింది. ఒక కమిషన్ వేయవలసి వచ్చింది. 1893లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. హంపన్న చనిపోయిన సంవత్సరమే అది! ఒకే ఏడాదిలో ఈ దేశ ప్రజలు ఒకచోట జ్యూరీని కాపాడుకున్నారు, ఇంకొకచోట జ్యూరీ చేతిలో ఓడిపోయారు. ఇందులో వైరుధ్యం లేదు. బెంగాలులో జ్యూరీ అంటే సర్కారుకు అడ్డుపడే దేశీయులు. మద్రాసులో జ్యూరీ అంటే సర్కారు బంధువులు. సంస్థ ఒకటే, వర్గ స్వభావం వేరు. బెంగాలు జ్యూరీలు కూడా రైతులు, కూలీలు కావు. ఆస్తి, హోదా, చదువు ఉన్నవాళ్ల జాబితాల నుంచి తీసినవి. ఈ దేశంలో నిజమైన ప్రజల జ్యూరీ విఫలం కాలేదు. అది ఎన్నడూ ఏర్పడలేదు.

రెండవది, జ్యూరీ పోయిన తరువాతి అనుభవం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. సాక్షులను కళ్లెదుట చూసి, వాళ్ల మాట విని, 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు కాగితాల మీద ఆ సాక్ష్యాన్ని చదివి, రుజువు చాలదని అందరినీ వదిలేసింది. ఇక్కడ జ్యూరీ లేదు. కారణాలు రాశారు. పేజీలకొద్దీ రాశారు. అయినా ప్రశ్న హంపన్న నాటిదే: వివేకవంతుడు ఎవరు? పొలాల్లో తరుముతుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తినవాడు గడియారం చూసి సాక్ష్యం చెప్పాలని కోరే వివేకం ఎవరిది? జ్యూరీని తీసేస్తే దురభిమానం పోదు. అది కారణాలు రాయడం నేర్చుకుంటుంది.

ఇక సాక్ష్యం లేని కేసును మొదట్లోనే ఆపడం అన్న జడ్జి విధి ఏమైంది? 1974లో మన విప్లవ కవులను, రచయితలను సికింద్రాబాద్ కుట్ర కేసులో ఇరికించారు. కవితలు, ఉపన్యాసాలు నేరానికి ఆధారాలుగా చూపారు. ఆ కేసు 1989లో కొట్టేశారు. పదిహేనేళ్లు! చెరబండరాజు తీర్పు వినకుండానే 1982లో కన్నుమూశాడు. "సాక్ష్యం ఉన్నదా?" అన్న మొదటి ప్రశ్నను మొదటి ఏడాదే నిజాయితీగా అడిగి ఉంటే ఆ పదిహేనేళ్లు ఎవరూ పోగొట్టుకోనక్కరలేదు. 1979లో ప్రఫుల్ల కుమార్ సామల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అభియోగం మోపేముందు జడ్జి పోస్టాఫీసు లాగా పనిచేయరాదు, సాక్ష్యాన్ని కొంత జల్లెడ పట్టాలి, గట్టి అనుమానం లేకపోతే వదిలేయాలి. జ్యూరీ ఉన్న రోజుల్లో రెండు ప్రశ్నలకు ఇద్దరు యజమానులు ఉండేవారు. ఇప్పుడు ఇద్దరూ ఒకరే. "ఉన్నదా?" అన్న ప్రశ్నను "తరువాత చూద్దాం, చాలునేమో" అన్న బద్ధకం మింగేస్తున్నది.

7

మరి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబేమిటి? నాకు తోచింది చెబుతాను.

సాక్షులు చెప్పిందంతా నిజమనుకున్నా నేరం తేలనప్పుడు జడ్జి ఎవరికీ వదలరాదు, తానే ఆపాలి. ఎందుకంటే అక్కడ నమ్మడానికి ఏమీ లేదు, భయమో ద్వేషమో తప్ప. సాక్షిని నమ్మితే నేరం తేలేటప్పుడు మాత్రం, ఆ సాక్షి చిరుగు పంచె కట్టినవాడని, మాట తడబడిందని, కులం తక్కువని జడ్జి తన అపనమ్మకాన్ని చట్టం పేరుతో చెల్లించుకోరాదు. లోకానికి వదలాలి. అయితే ఆ లోకంలో చంపబడ్డవాడి వీధి మనిషి కూడా ఉండాలి, నిందపడ్డవాడి వీధి మనిషి కూడా ఉండాలి. ఈ చివరి షరతు లేకపోతే మొదటి రెండూ పుస్తకంలో అక్షరాలే. మద్రాసులో లేనిది ఆ మూడో షరతే.

ఇక మన రచయితలకు ఒక మాట. హంపన్న హత్యకు ఏడాది ముందు, 1892లో, విజయనగరంలో కన్యాశుల్కం మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ దాన్ని తిరగరాశాడు. మనకు తెలిసిన ఆ నాటకంలో ఒక హత్య కేసుంది. లుబ్ధావధాన్లు తన పెళ్లికూతుర్ని చంపాడని. శవం లేదు. చచ్చిన పిల్ల లేదు. అసలు ఆ పిల్ల పిల్లే కాదు, ఆడవేషం వేసిన కుర్రవాడు. అయినా కేసు నడుస్తుంది, సాక్ష్యాలు పుడతాయి, బేరాలు జరుగుతాయి. ఆ చిక్కుముడిని విప్పే సంగతి కోర్టు బోనులో కాదు, ఒక వేశ్య నోట బయటపడుతుంది. మర్యాదస్తుల లెక్కలో ఎవరి మాట చెల్లదో ఆ మధురవాణి దగ్గరే నిజం ఉంది. సాక్ష్యం గురించి గురజాడకు తెలిసినంత లోతుగా మన న్యాయశాస్త్ర పాఠాలు చెప్పవు. దీన్ని హాస్యంగా నవ్వి వదిలేస్తున్నాం గాని సాక్ష్య విమర్శగా చదవడం లేదు.

గుంతకల్లు కథనూ మనం సగమే రాశాం. హంపన్నను త్యాగమూర్తిని చేశాం, బాగానే ఉంది. కాని ఆ ఇద్దరు ఆడవాళ్లు? వాళ్ల మాట ఎవరు విన్నారు, ఎలా విన్నారు, ఎదుటి లాయరు వాళ్లనేం అడిగి ఉంటాడు, పల్లె మాటను ఏ దుబాసీ ఏ ఇంగ్లీషులోకి మార్చి ఆ తొమ్మిది మంది చెవిన వేసి ఉంటాడు? మన కథల్లో వాళ్లు గుడిసెలోకి పరుగెత్తి వస్తారు, అంతటితో మాయమవుతారు. సాక్షిని మాట్లాడనివ్వకపోవడం ఆ జ్యూరీ ఒక్కటే చేసిన పని కాదు. మనమూ చేశాం. రచయిత తన పాత్ర మాటను తానే తీసేసి "ఇది చాలు" అని పాఠకుడికి తీర్పు చేతిలో పెడితే, అతడూ తన హద్దు దాటిన జడ్జే. పాత్ర మాట పాఠకుడి ముందు పెట్టాలి, చాలునో లేదో పాఠకుడు తేలుస్తాడు. పాఠకుడే మనకు మిగిలిన జ్యూరీ. అందులో మాత్రం గేటు కాపరి కొడుకూ ఉన్నాడు, వెనక బెంచీ అమ్మాయీ ఉంది.

మరునాడు క్లాసులో ఆ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. "జ్యూరీ అంటే సాక్ష్యం చాలునో లేదో చెప్పే మనుషులు. ఆ రోజు ఆ మనుషుల్లో హంపన్న తరఫువాళ్లు ఒక్కరూ లేరు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఇప్పుడు మనం వింటున్నాం కదా సార్" అంది.